రాయబారి యుద్యోగము

గత సంవత్సరము వేసవిసెలవులలో నొకనాటి సాయంకాలము మా వీధియరుగుమీద గూర్చుండి పాతపుస్తకములకు అట్టలు వేసికొనుచుంటిని. ఇంతలో నాకడ నాలుగేండ్లు చదువుకొన్న శిష్యుడొకడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆ కుఱ్ఱవాడు బడిలో నుండగా శ్లోకములను వల్లించుటకన్న ప్రశ్నలు వేయుటయందే యెక్కువ యభిరుచి గలవాడు. తరువాత పట్టణమునకు బోయి రాజనీతిశాస్త్రమును, న్యాయశాస్త్రమును చదివి పట్టములు పుచ్చుకొనెను. ఇప్పుడు వాని చేతిలో నొక నియామకపత్ర మున్నది. ఢిల్లీలో నొక వర్తకసంస్థవారు వానిని మంచిజీతమిచ్చి పెట్టుకొందురట. ఉద్యోగము పేరు 'గవర్నమెంటు రిలేషన్సు'.

తల్లియే మొదట మాటాడినది. "గవర్నమెంటు అన్నాడు కదండీ మాస్టారూ, సర్కారు ఉద్యోగమే అనుకున్నాను. వీధిలో నలుగురికీ చెప్పేశాను, గుళ్లో కొబ్బరికాయ కూడా కొట్టించాను. తీరా చూస్తే సర్కారు ఉద్యోగం కాదట, సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే ఉద్యోగమట. మా ఆడపడుచు, 'అయితే బ్రోకరు పనే కదా వదినా' అంది. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు అన్నం సయించడం లేదండీ."

కుఱ్ఱవాడు తలవంచుకొని, "మీరేమంటే అది మాస్టారూ. వద్దంటే మానేస్తాను. పదిరోజుల్లో వాళ్లకి జవాబు చెప్పాలి" అనెను.

నిజము దాచనేల? నా మనస్సున మొదట బుట్టినదియు ఆ యాడపడుచుగారి మాటయే. సచివాలయపు వసారాలలో తెల్లనిబట్టలు గట్టుకొని, చంకలో తోలుసంచి నిఱికించుకొని, బంట్రోతులతో జనువుగా మాటాడుచు దిరుగు మనుష్యులను నేను జూచియున్నాను. అట్టివారిలో నా శిష్యుడొకడగుట నాకును గిట్టలేదు. "వద్దురా అబ్బాయీ, నాలాగా బడిపంతులువి కా" అని చెప్పి పంపివేయుట సులభము. కాని యామాట నాలుకచివరకు వచ్చి నిలిచిపోయినది. ఏల నిలిచిపోయెనో చదువరులకు దెలుపవలెనన్న నేను నా తప్పొకదానిని వ్రాయక తప్పదు.

2006వ సంవత్సరమున, నేను పనిలో జేరిన క్రొత్తలో, మా పాఠశాలలో గంటకొట్టు బంట్రోతు ఆకస్మికముగా మరణించెను. అతనికి భార్యయు, తొమ్మిదవతరగతి చదువుచున్న కూతురును గలరు. కుటుంబపింఛను రావలసియుండెను. ప్రధానోపాధ్యాయులు నన్ను బిలిచి, "మీకు ఇంగ్లీషు బాగా వచ్చు కదా, ఈ కాగితాల పని మీరు చూసిపెట్టండి" అని యప్పగించిరి. నాకు గర్వమైనది. మూడుపుటల యర్జీ వ్రాసితిని. పదునెనిమిదవ శతాబ్దపు పార్లమెంటు వక్తల పద్ధతిని ఒక్కొక్క వాక్యము పదేసి పంక్తులు సాగినది. అందు కరుణరసము పొంగి పొరలినది. రాజధర్మమును గూర్చియు, అనాథలయెడ పాలకులకు గల ఋణమును గూర్చియు సంస్కృతమునుండి నేను చేసికొన్న యనువాదములు కూడ జేర్చితిని. ఆ యర్జీని భార్యకు జదివి వినిపించి మెప్పుపొంది, మఱునాడు జిల్లాలోని యొక కార్యాలయమునకు గొనిపోయి యిచ్చితిని. గుమాస్తా దానిని చూడకయే కట్టలో బెట్టెను.

నెలకొకసారి వెళ్లుచుంటిని. "చూస్తామండీ" అనుచుండిరి. నాలుగవసారి వెళ్లినప్పుడు ఎదుట టీదుకాణమున నొకడు నన్ను సమీపించి, "రెండువేలు నావి కాదనుకోండి పంతులుగారూ, వారంలో పని అయిపోతుంది" అనెను. నేను మండిపడితిని. టీ తాగక గ్లాసచ్చటనే పెట్టి, నలుగురు వినునట్లు వానిని దూషించి, తలయెత్తుకొని బస్సెక్కితిని. బడిలో నీకథ నెందఱికో చెప్పితిని. పిల్లలకు నీతిపాఠముగా కూడ జెప్పితిని. ఆ వితంతువు మాత్రము నేను చెప్పినదంతయు విని, ఏమియు ననక, తలుపు వాకిట నిలుచుండెను. మఱుసటినెలలో కూతురిని బడి మాన్పించి జీడిపప్పు వలిచెడు పనిలో బెట్టినది.

పదునొకండవ నెలలో ఆ కార్యాలయమునకు గ్రొత్త సూపరింటెండెంటు వచ్చెను. ఆయన నన్ను గూర్చుండబెట్టి, కాగితములను రెండునిమిషములు త్రిప్పి, "మాస్టారూ, మీ ఇంగ్లీషు చాలా బాగుంది. కానీ సర్వీసు రిజిస్టరులో ఈయన పేరు చివర 'అయ్య' ఉంది, బ్యాంకు పుస్తకంలో లేదు. ఇద్దరూ ఒక్కరేనని మండల రెవిన్యూ అధికారి ఇచ్చే ధ్రువపత్రం ఏదీ?" అని యడిగెను. ఆ పత్రము నాలుగుదినములలో దొరకినది. ఐదువారములలో పింఛను మంజూరైనది. వెనుకటి బాకీయు వచ్చినది. ఎవరికిని కాసు ఇయ్యలేదు. నా మూడుపుటల యర్జీలో సమస్తము నుండెను. వారికి గావలసిన కాగిత మొక్కటియే లేకుండెను. గుమాస్తా మొదటిదినముననే యామాట చెప్పియుండవలసినది. అది యతని దోషము. కాని నేనొకసారియైనను, "దీనిలో లోప మేమున్నది?" అని యడుగలేదు. అడుగుట నా గౌరవమునకు దక్కువయని తలచితిని. లంచ మీయకుండుటయే నా పనియంతయు నైనట్లు భావించి తృప్తిపడితిని.

పింఛను వచ్చినది గాని, బాలిక తిరిగి బడికి రాలేదు. కూలిసొమ్మునకును, తోటివారి స్నేహమునకును అలవాటుపడిన పిల్ల క్రింది తరగతివారి సరసన మరల గూర్చుండుటకు సిగ్గుపడినది. తరువాత ఏడాదిన్నర లోపలనే, పదునెనిమిదేండ్లు నిండకుండనే, ఆమెకు వివాహము చేసిరి. నేనా పెండ్లికి వెళ్లి భోజనము చేసి వచ్చితిని. చట్టమేమి చెప్పుచున్నదో నాకు దెలియును. అయినను నోరు మెదపుటకు నాకేమి యధికారమున్నదని లోలోపల నేదో యడ్డుకొన్నది.

ఇందువలన శిష్యునితో నామాట యనలేకపోతిని. ప్రభుత్వముతో మాటాడుట యొక విద్యయని నేను మంచి మూల్యమిచ్చి నేర్చుకొంటిని. ఆ మూల్యమిచ్చినది మాత్రము నేను గాదు.

ఈ వృత్తి మనకు గ్రొత్తదికాదు. ద్విభాషియను సంస్కృతపదమే జనుల నోటబడి దుబాసియైనది. కుంపిణీవారు చెన్నపట్టణమున వ్యాపారము చేయునాడు దొరకును దేశస్థునకును నడుమ నిలిచి మాట నటునిటు చేర్చువాడు దుబాసి. రెండుభాషలు వచ్చుటలో నెంత యుపకారశక్తి గలదో అంత యపకారశక్తియు గలదు. అవధానము పాపయ్యయను తెలుగు దుబాసి హాలండు సోదరుల కొలువున మహాధికారము చెలాయించి, తనకు గిట్టని రెవిన్యూబోర్డు ఉద్యోగియగు హాలిబర్టను అను దొరపై కుట్ర పన్నెనను నేరమునకు 1792లో విచారింపబడి శిక్షపొందెను. మన యాడపడుచుగారి మనస్సులో నున్నది ఈ పాపయ్య జాతియే. ఆమె పొరబడలేదు. ఆ జాతి నశింపనులేదు.

అయితే అదే చెన్నపట్టణమున, అరువదేండ్లు గడచునప్పటికి మరియొక తెలుగువాడు కనబడుచున్నాడు. గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు నీలిమందు వర్తకులు. 1844లో 'క్రెసెంటు' అను పత్రికను స్థాపించిరి. 1852లో మదరాసు స్వదేశీయ సంఘమును నెలకొల్పిరి. అప్పుడు రైతు శిస్తు చెల్లింపలేకున్నచో వాని వ్రేళ్లను రెండుకఱ్ఱలనడుమ బెట్టి నొక్కెడివారు. దానికి 'కిట్టి' యని పేరు. నడుము వంచి కట్టి యెండలో నిలబెట్టెడివారు. ఇట్టివేమియు జరుగుటలేదని ప్రభుత్వోద్యోగులు చెప్పెడివారు. సెట్టిగారు లండనులోని పార్లమెంటునకు అర్జీ పంపిరి. పంపి యూరకుండలేదు. 1853లో డాన్బీ సేమూరు అను పార్లమెంటు సభ్యుడు మదరాసునకు రాగా, ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు ద్రిప్పి రైతులపాట్లను కన్నులార జూపిరి. చూచినవాడు తిరిగిపోయి సభలో మాటాడెను. 1854లో విచారణసంఘమును నియమింపక తప్పలేదు. 1855లో ఆ సంఘము హింసలు నిజమేయని యొప్పుకొన్నది. నేనాడు మూడుపుటలు వ్రాసి యింటికి వచ్చితిని. ఆయన వినవలసిన మనుష్యుడెవరో యెఱిగి, ఆ మనుష్యుని రైతు గుడిసెవాకిటికి నడిపించిరి. నాకును ఆయనకును గల భేదమంతయు నిందే యున్నది.

మన సంస్కారోద్యమములలో నెన్నింటికి ఈ విద్య తోడ్పడలేదు? వితంతు వివాహములకు చట్టము కావలెనని ఈశ్వరచంద్ర విద్యాసాగరులు 1855లో ప్రభుత్వమునకు సమర్పించిన యర్జీపై చేవ్రాళ్లు దాదాపు వేయి. దానికి ప్రతిగా వచ్చిన యర్జీలపై నంతకు బెక్కురెట్లు చేవ్రాళ్లుండెను. అయినను 1856 జూలైలో చట్టమైనది. బాలికల వివాహవయస్సు 1929 నాటి శారదాచట్టమున పదునాలుగు, 1949లో పదునైదు, 1978లో పదునెనిమిది. ఈ యంకెలు చెట్లకు గాయలేదు. ఒక్కొక్క యంకెవెనుక శాసనసభ్యుల యిండ్లకు బోయి, వాకిళ్లలో గాచుకొని, నచ్చజెప్పినవారున్నారు. వారిలో స్త్రీలు పెక్కుమంది.

కాని ఈ యుదాహరణమే నన్ను కొంత భయపెట్టుచున్నదని కూడ జెప్పవలెను. వేయిమంది చేవ్రాళ్లు అంతకు బెక్కురెట్లవానిని గెలిచినవన్న మనము సంతోషింతుము. ఏలయన ఆ వేయిమందియు మనవారు, వారి పక్షము ధర్మపక్షము. దారి తెలిసిన కొలదిమంది దారి తెలియని పెక్కుమందిని గెలుచుట యెల్లప్పుడు ధర్మపక్షముననే జరుగునని ఎవరు చెప్పగలరు? అదే మెట్లు, అదే తలుపులు, అదే యధికారి. నేడు వితంతువు పక్షమున ఎక్కినవాని వెనుకనే రేపు పంచదారనీళ్ల వ్యాపారి పక్షమున మరియొక డెక్కవచ్చును. వానికి జీతము హెచ్చుగా నుండును గూడ.

అమెరికాలో నిట్టివారు తమ పేరును, తమ్ము బెట్టుకొన్నవారి పేరును, వెచ్చించిన ధనమును పట్టికలో వ్రాయింపవలెనని 1946లో నొక చట్టమును, అది చాలదని 1995లో మరియొక చట్టమును జేసిరి. మనదేశమున నట్టి పట్టిక లేదు. ఎవరు ఎవరికొఱకు ఏ గదిలోనికి బోయిరో తెలిసికొనవలెనన్న 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టుకొని కాచుకొనవలసినదే. పట్టిక లేనిచోట మంచివానికిని చెడ్డవానికిని ఒకటే తోలుసంచి.

ఆ సాయంకాలము నేనివన్నియు శిష్యునితో జెప్పలేదు. మొదట అన్నము పెట్టించితిని. తరువాత దీపముపెట్టిన వేళ అరుగుమీద గూర్చుండి, నాకు సంస్కృతము వచ్చును గావున, అలవాటుచొప్పున కౌటిల్యునితో ప్రారంభించితిని. అర్థశాస్త్రమున దూతలు మూడువిధములు: స్వామికార్యమును సమస్తము తన బుద్ధితో నిర్ణయింపగల నిసృష్టార్థుడు, ఒక మేరవఱకు మాత్రమే యధికారముగల పరిమితార్థుడు, ఇచ్చిన లేఖను జేర్చు శాసనహరుడు. "నువ్వు మొదట మూడోవాడివిరా" అంటిని. "ఉత్తరం మోసేవాడివి. ఆ ఉత్తరంలో ఏముందో చదివి మొయ్యి." భారతమున ఉద్యోగపర్వమంతయు రాయబారములే గదాయని కూడ నంటిని. ద్రుపదుని పురోహితుడు, సంజయుడు, శ్రీకృష్ణుడు. ముగ్గురును పోయివచ్చిరి. యుద్ధమాగలేదు. వాడు నవ్వి, "అయితే ఉద్యోగం అనే మాట అక్కడినుంచే వచ్చిందా మాస్టారూ?" అని యడిగెను. వ్యాకరణదృష్టితో జూచిన నది సరికాదుగాని, ఆ రాత్రి దిద్దబుద్ధి కాలేదు.

తరువాత పనిసంగతి. ఈ యుద్యోగమున జేరువారు చేతులు కలుపుట నేర్చుకొనుటకు ముందు చదువుట నేర్చుకొనవలెనని నా యభిప్రాయము. గెజెట్టును జదువవలెను. ఏ విషయము ఏ మంత్రిత్వశాఖదో నిర్ణయించు 1961 నాటి నియమములున్నవి, వానిని జదువవలెను. చాల యర్జీలు చెడుటకు గారణము దుర్మార్గము గాదు, చిరునామా తప్పు. ఒక కాగితము విభాగాధికారి బల్లమీద బుట్టి, ఉపకార్యదర్శి, సంయుక్తకార్యదర్శి మొదలగువారి చేతులమీదుగా బైకి బోవును. మంత్రి చేవ్రాలు చేయునప్పటికి దానిలో మార్పు చేయుటకు మిగిలియున్నది స్వల్పము. కావున తెలిసినవాడు మొదటి బల్లయొద్ద నిజమైన లెక్కలతో నుండును; తెలియనివాడు చివరి గదివాకిట పూలదండతో నుండును. శాసనమును చేయుటకు ముందు ముసాయిదాను ముప్పదిదినములకు దక్కువగాకుండ ప్రజలయెదుట బెట్టవలెనని 2014లో కేంద్రప్రభుత్వము నిర్ణయించుకొన్నది. నియమముల ముసాయిదాలను ముందుగా ప్రకటింపవలసినప్పుడు ఎట్లు ప్రకటింపవలెనో 1897 నాటి సామాన్యనిబంధనల చట్టమే చెప్పుచున్నది. ఆ దినములలో వర్తకసంఘములు వ్రాయును. గృహస్థులు వ్రాయరు. ముసాయిదా వచ్చినదని వారికి దెలియనే తెలియదు.

పార్లమెంటులో 1993 నుండి శాఖలవారీ స్థాయీసంఘములు పనిచేయుచున్నవి. అవి బిల్లులపై సాక్ష్యములు పుచ్చుకొనును. ఆ సాక్ష్యములను శ్రద్ధగా గమనించిన వానికి, నిజము చెప్పువానికిని పొగడువానికిని గల తేడా తెలియును.

లంచము మాట తల్లియెదుటనే యెత్తితిని. పూర్వము లంచమిచ్చువాడు చాలవఱకు తప్పించుకొనెడివాడు. 1988 నాటి యవినీతి నిరోధక చట్టమును 2018లో సవరించిరి. ఇచ్చువానికిని ఏడేండ్లవఱకు కారాగారశిక్ష పడవచ్చును. బలవంతముచే నిచ్చినవాడైనచో ఏడుదినములలోపల ఫిర్యాదు చేసిననే తప్పించుకొనును. వ్యాపారసంస్థ కొఱకు ఇచ్చినచో సంస్థయు నేరస్థురాలగును. "సంచి నీ చేతిలో ఉంటుంది, డబ్బు కంపెనీది అవుతుంది, జైలుకి నువ్వే వెళ్తావు" అని చెప్పితిని. ఆ తల్లి గుండెపై చేయి వేసికొన్నది. "మరి ఇంతకీ బ్రోకరు పనేనాండీ, కాదాండీ?" అని మరల నడిగెను. నేను వాని వంకకు దిరిగి, "నువ్వెళ్లిన ప్రతి గుమ్మం దగ్గరా, నేను ఫలానా వాళ్ల మనిషిని, ఫలానా పని మీద వచ్చాను అని గట్టిగా చెప్పగలవా? రాత్రి ఇంటికొచ్చి ఆ సంగతే మీ అమ్మకి ఫోనులో చెప్పగలవా?" అంటిని. వాడు కొంతసే పాలోచించి, "ప్రయత్నిస్తానండీ" అనెను. చెప్పగలనని వెంటనే యనలేదు. నాకది నచ్చినది. వెళ్లుమంటిని.

నాకోరికపై వాడు కాగితముమీద ఉత్తరములు వ్రాయుచుండును. మొదటి యుత్తరమున వేచియుండుటను గూర్చియే యున్నది. గేటువద్ద చీటికొఱకు వేచియుండుట, వసారాలో వేచియుండుట, పిలుపు వచ్చిన పిమ్మట లోపలి గదిలో వేచియుండుట. మూడుగంటలు వేచిన పిదప ఒక సంయుక్తకార్యదర్శి పదినిమిషము లిచ్చిరట. ఆయన ఒకే ప్రశ్న వేసిరి: ఈ నియమము మారినచో ఎన్ని చిన్న కార్ఖానాలకు నష్టము? ప్రక్కనున్న పైయధికారి ఏదో యంకె చెప్పబోవుచుండగా, మనవాడు, "ఆ లెక్క మాదగ్గర ఇప్పుడు లేదండీ, రేపు తెచ్చి ఇస్తాము" అనెనట. బయటికి వచ్చినపిమ్మట పైయధికారి చీవాట్లు పెట్టెను. మఱునాడు ఉదయము లెక్క పట్టుకొనిపోయి యిచ్చినాడు. అప్పటినుండి ఆ గదిలోనికి వాని చీటి కొంచెము త్వరగా బోవుచున్నదట.

రెండవ యుత్తరము దీపావళిది. కార్యాలయమున మిఠాయిపెట్టెల పట్టిక తయారైనది. అధికారుల హోదానుబట్టి పెట్టెల పరిమాణము. ఒకపొరక్రింద వెండిదీపములు. వాడు మోయనన్నాడు. మరియొకడు మోసినాడు. ఈ యుత్తరమున నాల్గుపంక్తులకన్న నెక్కువ లేవు.

మూడవ యుత్తరము నన్ను కలవరపెట్టినది. ఆ సంస్థ పొట్లములలో నమ్మెడు చిఱుతిండ్లవారిది. పొట్లము ముఖముననే ఉప్పు, పంచదార, కొవ్వుల సంగతి జనులకు దెలియునట్లు గుర్తు వేయవలెనని చిరకాలముగా వివాదము. భారత ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ 2022 సెప్టెంబరులో నొక ముసాయిదా ప్రకటించినది. అందు ఆర మొదలుకొని ఐదువఱకు నక్షత్రములు. వైద్యులలో బెక్కురు నక్షత్రములు వలదు, హెచ్చరిక కావలెననిరి. చిలీదేశమున 2016 నుండి అట్టి పొట్లములపై నెనిమిదిమూలల నల్లనిముద్ర వేయుచున్నారు. చదువురాని తల్లికైనను నల్లనిముద్ర యర్థమగును. మూడునక్షత్రములను జూచినచో మంచిదే కాబోలు ననుకొనును. ఆ వివాదము తరువాతి సంవత్సరములలోను సాగినది. సంస్థ తరపున ప్రత్యుత్తరము వ్రాయుట మనవాని పాలబడెను. వాడు లభించిన పరిశోధనలన్నియు జేర్చి, సంస్థకు ప్రతికూలమైన దొకటియుండగా దానినిగూడ జేర్చి, మన మెందుకు దీనితో నేకీభవింపమో వ్రాసినాడు. పైయధికారి ఆ పుటను దీసివేసి, చేవ్రాలు చేయుమనెను. "నా పక్షం నేను చెప్పుకోవడం తప్పా మాస్టారూ? అవతలి పక్షం చెప్పేవాళ్లు చెబుతారు కదా?" అని నన్నడిగినాడు.

వకీలు తన కక్షిదారు పక్షమే చెప్పును, నిజమే. కాని న్యాయస్థానమున ఎదుటివకీలుండును. ఆ గదిలో ఎదుటికుర్చీ తఱచు ఖాళీ. ఈసంగతియే జవాబుగా వ్రాసితిని. వ్రాయుచుండగా మా బడిగేటు కన్నులకు గట్టినది. గేటెదుట నొక చిన్నకొట్టు. దానినిండ తళతళలాడు పొట్లముల తోరణములు. పదిన్నరగంటల విరామమున పిల్లలు ఈగలవలె ముసరుదురు. అట్టి తిండ్లను బడిగేటుకు యేబదిమీటర్లలోపల నమ్మరాదని అదే సంస్థ 2020లో నియమములు చేసినది. నేను వానిని ఎప్పుడో చదివితిని. ఎదుటికుర్చీలో గూర్చుండవలసినవాడను నేనే. ఉపన్యాసములు మాత్రము ఢిల్లీకి పంపుచున్నాను.

వాడు ఆ కాగితముపై చేవ్రాలు చేయలేదని తరువాత తెలిసినది. మరియొకడు చేసినాడు. వీనిని తీసివేయలేదు, అనుమతిపత్రముల పునరుద్ధరణ చూచు బల్లకు మార్చినారు. జీతము పెరుగలేదు. తల్లికి ఈ సంగతి పూర్తిగా తెలియదు. నాకు మాత్రము, బల్ల మార్పు వానికి మంచిదో చెడ్డదో తేలలేదు. మంచివా రొక్కొక్కరే ఆ బల్లనుండి తప్పుకొన్నచో అచ్చట మిగులువా రెవరు? ఇట్లని వానికి వ్రాయుటకు నాకు చేయాడలేదు.

దానికి బదులు నేనొక ప్రశ్న వ్రాసితిని: మా గేటెదుటి కొట్టును గూర్చి ఎవరికి, ఎట్లు వ్రాయవలెను? వారములోనే జవాబు వచ్చినది. జిల్లాలో ఆహారభద్రతకు నియుక్తాధికారి యుండును, ఆయనకు వ్రాయవలెను. అరపుటకు మించరాదు. నియమము పేరు, సంవత్సరము మొదటి పంక్తిలో. దూరము కొలిచి వ్రాయవలెను. ఫోటో జతపఱుపవలెను. రసీదు తీసికొనక బయటికి రారాదు. చివర, "ఇంకేమైనా కాగితం తక్కువా అని అక్కడే అడగండి మాస్టారూ" అని యున్నది. 2006 సంగతి నేను వానికి జెప్పినట్లు జ్ఞాపకములేదు. చెప్పియుందునేమో.

ముందుగా కొట్టువానికి జెప్పితిని. అతని కుమారుడు ఆఱవతరగతిలో నా విద్యార్థి. "నా పొట్ట కొడతారాండీ?" అనెను. పల్లీపట్టీలు, అరటిపండ్లు అమ్ముకొమ్మనిన, "అవి ఎవడు కొంటాడండీ?" అని యెదురు ప్రశ్నించెను. దానికి నాకడ మంచి జవాబు లేకపోయినది. రోజూ పది అరటిపండ్లు నేను కొందునంటిని. తరువాత మా బంట్రోతును దోడుచేసికొని టేపుతో గేటునుండి కొట్టువఱకు కొలిచితిని. పదునొకండు మీటర్లు. అరపుటలో వ్రాసి, స్వయముగా గొనిపోయి, లోప మేమైన గలదాయని యడిగి, రసీదు పుచ్చుకొంటిని. నెల గడచినపిమ్మట మరల వెళ్లుడని శిష్యుడు వ్రాసినాడు. ఇంకను తొమ్మిదిదినము లున్నవి.